పాముల ఇంట్లో బొంత

నిరంజన్‌కు పాములంటే భయం లేదు. అక్క భీమమ్మ అలకంటేనే భయం. పాముకు కోపం వస్తే బుస కొడుతుంది, తర్వాత దాని దారిన అది పోతుంది. భీమమ్మ బుస కూడా కొట్టదు. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, "ఆఁ, మంచిగనే ఉన్నం, పెడ్తున్న" అంటుంది, పెట్టేస్తుంది. అంత పొట్టి మాట విన్న రోజు నిరంజన్‌కు అన్నం సయించదు.

ఆ అలక ఏమిటో తెలియాలంటే ముందు పంచమి సంగతి తెలియాలి. మా వైపు నాగుల పంచమి ఆడబిడ్డల పండుగ. తల్లిగారింటికి వస్తారు, పుట్టకు పోయి పాలు పోస్తారు, చిటికెడు పుట్టమన్ను చెవులకు పెట్టుకుంటారు. చెంబులో కాసిని పాలు మిగుల్చుకొని ఇంటికొచ్చి వాటితో అన్నదమ్ముల కండ్లు కడుగుతారు. నిరంజన్‌కు ఊహ తెలియకముందే తల్లి పోయింది. చంకనెత్తుకొని పెంచింది భీమమ్మే. కోడేరుకు కోడలుగా పోయాక కూడా పంచమి వచ్చిందంటే గోపాల్‌పేటలో దిగాల్సిందే. తమ్ముడికి మీసాలొచ్చినా, పెళ్లయినా, ఇద్దరు పిల్లలు పుట్టినా ఆమె లెక్కలో వాడింకా చంకలోనే ఉన్నాడు. వాకిట్లో పీటేసి కూర్చోబెట్టి, గడ్డం పట్టుకొని ముఖం పైకెత్తి, "నీ కండ్లు సల్లగుండాలెరా" అంటూ పాలు అద్దేది.

అట్లాంటి భీమమ్మ పోయినేడు పంచమికి వచ్చి, చెంబు చెంబంతా పుట్ట మీదనే కుమ్మరించి, తమ్ముడి ముఖమైనా చూడకుండా కోడేరు బస్సెక్కింది. అంతా పాముల ఇల్లు తెచ్చిన తంటా.

వనపర్తి నుంచి గోపాల్‌పేట వచ్చే దారిలో ఒక పార్కు ఉంది. నాలుగు ఉయ్యాలలు, ఒక జారుడుబండ, నీళ్లు రాని ఫౌంటెను. దాన్ని నడిపే బాలకృష్ణ సారు మంచివాడే, కానీ జనం రాకపోతే రాత్రి నిద్రపట్టని మనిషి. ఎట్లాగో కిందామీదా పడి, పైనుంచి అనుమతులు తెచ్చుకొని పార్కులో పాముల ఇల్లు కట్టించాడు. ఊళ్లల్లో ఎవరింట్లో పాము దూరినా పట్టి తీసుకపోయి గుట్టల్లో వదిలివచ్చే నిరంజన్‌ను పిలిచి, "ఇంక నువ్వు ఈడనే ఉండు" అని తాళంచెవులు చేతికిచ్చాడు. సొంత ఊరి పక్కన, ఇష్టమైన పని. నిరంజన్‌కు ఏనుగెక్కినంత సంబరమయింది.

ఆ ఇల్లు మొదట ఎట్లా ఉండేదో చెబితే నవ్వుతారు. నాలుగు దిక్కులా అద్దాలు, కింద తెల్ల టైల్సు, నెత్తిన ట్యూబులైటు. మిఠాయి దుకాణంలో జిలేబీని పెట్టినట్టు మధ్యలో పాము. దాక్కునే సందు లేదు, ఆనుకునే గోడ లేదు. ఎటు తిరిగినా మనుషుల ముఖాలే. జనం రావడం, అద్దం మీద టకటకా కొట్టడం, "కదుల్తలేదేందిరా" అనడం, పోవడం. ఇట్లా లాభం లేదని సారు ఆదివారాలు షో పెట్టించాడు. నిరంజన్ కొంకికర్రతో నాగుపామును బయటికి తీసి పడగ విప్పించాలి. జనం ఈలలు వేశారు, ఫోన్లు పైకెత్తారు. నిరంజన్‌కు కూడా ఆ ఈలలు బాగానే ఎక్కాయి. అబద్ధమెందుకు, పాము కన్నా ముందు వాడే పడగ విప్పినంత పని చేశాడు.

ఆ వీడియో ఒకటి కోడేరు దాకా పాకింది. మనవరాలి ఫోన్‌లో భీమమ్మ చూసింది. అందరూ పడగను చూస్తే ఆమె మూతిని చూసింది. నాలుగు అద్దాల పెట్టెలో దారి వెతుక్కుంటూ రాసుకొని రాసుకొని నాగుపాము మూతి చెక్కుకుపోయి ఎర్రగా అయింది. వెంటనే ఫోన్ చేసింది.

"నాగయ్య మూతి పగిలింది గదరా."

"మందు పెడ్తున్ననక్కా, తక్కువైతది."

"ఊరంత పుట్ట కాడ దండం పెడ్తుంటే నువ్వు దాన్ని పెట్టెల పెట్టి, మూతి పగులగొట్టి, ఈలలేయిస్తున్నవ్. గది సూసుకుంట నవ్వుతున్న కండ్లను నేను పాలతోని కడగాల్నా?"

ఆ తర్వాత వచ్చిందే చెంబు కుమ్మరించిన పంచమి.

అక్క మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దాని మీద ఇంకొకటి వచ్చి పడింది. షో చూసి మెచ్చుకొని పోయిన ఇటిక్యాల మనిషి ఒకాయన వారం తిరగకముందే ఫోటో పంపాడు. కర్ర మీద వేలాడుతున్న చచ్చిన పాము. "మీ కాడ సూసిన గదే పాము అన్నా, మా చేన్ల దొరికింది, ఏసేసిన" అని గర్వంగా కింద రాశాడు. అది నాగుపాము కాదు, జెర్రిపోతు. ఎలుకలను తిని గింజలు కాపాడే, విషం లేని అమాయకపు ప్రాణి. నిరంజన్ ఆ ఫోటోను పెద్దది చేసి మళ్లీ మళ్లీ చూశాడు. తన షో ఆ మనిషికి నేర్పింది ఇదా? పామంటే పడగ, పడగంటే కర్ర, అంతేనా?

మరునాడే పోయి సారు ముందు నిలబడ్డాడు. "సార్, షో బంద్ చేద్దం. ఇల్లు మార్చి కడదం. మూడు దిక్కులు గోడలు, ఒక్క దిక్కే అద్దం. లోపల మట్టి, రాళ్లు, కంప. దానికి దాక్కునే జాగ ఉండాలె."

"దాక్కుంటే కనపడదు కదయ్యా! కనపడని పామును చూడ్డానికి ఎవడొస్తడు?"

"ఎతుకుతరు సార్. మనోళ్లకు పామును ఎతుకుడు తెల్వదా? ఒకరింట్ల పాము దూరిందంటే వాడకట్టంత కట్టగట్టుకొని ఎతుకుతది గద."

సారుకు నమ్మకం కుదరలేదు. కానీ నాగుపాము తిండి మానేసి మూల పడి ఉంది, అది చస్తే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. "కానీ" అన్నాడు, ఏడవలేక నవ్వినట్టు.

మేస్త్రీ యేసయ్య వచ్చాడు. బొంబాయిలో, పుణెలో మేడలు కట్టి కట్టి మోకాళ్లు అరిగి ఇంటికి చేరిన మనిషి. పాములకు ఇండ్లు కట్టడమేమిటని మొదటి రోజంతా నవ్వాడు. రెండోరోజు నుంచి ఆయనే ముందు పడ్డాడు. జెర్రిపోతుకు చేనుగట్టు కట్టాడు, ఎర్రమట్టి పోసి, ఎలుక బొరియలు పెట్టి, రేగుకంప నాటి. నీరుకట్టెకు బావి మెట్లు. నాగుపాముకు పుట్ట, అదీ సగానికి కోసి అద్దానికి ఆనించింది, లోపలి గదులన్నీ కనబడేట్టు. నాగుపాము ఆ పుట్టలో దూరి, చుట్ట చుట్టుకొని, తెల్లారి ఎలుకను తింది. దాని మూతి మానిన రోజు నిరంజన్ ఫోటో తీసి అక్కకు పంపాడు. అక్క చూసింది. జవాబు మాత్రం ఇవ్వలేదు.

జనం మొదట తిట్టారు. "ఖాళీ డబ్బాలకు టిక్కెట్టా!" అన్నారు. సారు నిరంజన్ వైపు చురచురా చూశాడు. నిరంజన్ రాత్రంతా ఆలోచించి, తెల్లారి ప్రతి అద్దం కింద ఒక చిన్న పలక కట్టాడు. "లోపలే ఉన్నాను. మీరు వచ్చినప్పటి నుంచి మిమ్మల్నే చూస్తున్నాను." అంతే రాశాడు.

ఆ పలక చేసిన మహిమ చూడాలి. పోబోతున్న మనిషి ఆగిపోతాడు. వెనక్కి వచ్చి అద్దానికి ముక్కు ఆనిస్తాడు. "ఏడుందే?" అని పెండ్లాన్ని అడుగుతాడు. ఆమె వంగుతుంది, పిల్లలు కింద కూర్చుంటారు, ముసలాయన కండ్లద్దాలు తుడుచుకుంటాడు. దొరికినవాడి దర్జా అంతా ఇంతా కాదు. అత్తగారింట్లో కొత్త అల్లుడిలా చేతులు కట్టుకొని, ఇంకా దొరకని వాళ్లను జాలిగా చూస్తాడు. అద్దం కొట్టడం దానంతటదే ఆగిపోయింది. ఎవడైనా చెయ్యెత్తితే పక్కవాళ్లే, "కొట్టకుర్రి, బెదిరి లోపలికి పోతది" అని గదమాయించారు. నిమిషం నిలబడని జనం గంట నిలబడటం మొదలుపెట్టారు. చేనుగట్టు ముందు సారు కూడా చాయ్ చల్లారిపోయేదాకా వెతికి, జెర్రిపోతు తోక కనపడగానే "దొరికింది!" అని కేక పెట్టి, చుట్టూ చూసుకొని సర్దుకున్నాడు.

నిరంజన్‌కు అప్పుడు ధైర్యం వచ్చింది. ఎప్పటి నుంచో మనసులో ఉన్న పని ఒకటి ఉంది. కట్లపాము. చేన్లలో కాదు, ఇండ్లలోకే వచ్చేది అది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. కాటేసినా నొప్పి ఉండదు, చీమ కుట్టిందనుకొని అటు తిరిగి పడుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, దవాఖానకు తీసుకపోయేలోపు అంతా అయిపోతుంది. అట్లా పోయినవాళ్లను నిరంజన్ ఎరుగు. ఆ పామును చేనుగట్టు మీద చూపించి ఏం లాభం? ఇంట్లోనే చూపించాలి.

యేసయ్య ఒక గది కట్టాడు. అచ్చం మన ఇల్లే. పెచ్చులూడిన గోడ, మూలకు జొన్నల సంచి, దాని మీద చాట, మేకుకు వేలాడే స్కూలు సంచి, గడప దగ్గర రెండు జతల చెప్పులు, నేల మీద చాప. రాత్రంతా లైట్లు వేసి, పగలు మసక చీకటి చేసి, కట్లపాముకు రాత్రింబవళ్లు తారుమారు చేశాడు నిరంజన్. జనం వచ్చే వేళకు దానికి రాత్రి, అప్పుడే మేలుకుంటుంది. చాప మీదికి వనపర్తి బజారులో పూల దుప్పటి కొనుక్కొచ్చి పరిచాడు.

గది ముందు జనం నిలబడలేదు. "ఇదెవరిల్లు? లాడ్జి లెక్కుంది" అందొక ముసలమ్మ. నిజమే. ఎక్కడో ఎవరింట్లోనో పాము ఉంటే మనకేంటి? నిరంజన్ ఇంటికి పోయి పెట్టె తెరిచి అడుగు నుంచి బొంత తీశాడు. భార్య యమున చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"అది వదిన కుట్టింది గద!"

"అందుకే తీస్కపోతున్న. మనసొంటోళ్ల ఇంట్ల ఉండేది గిదే."

"అత్తమ్మ పెండ్లిచీర అంచున్నదయ్య దాంట్ల. పామును పండవెడ్తవా? అసలే ఏడాది నుంచి మాట్లాడ్తలేదు. ఇది తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి ఉతుకుతది."

"ఆమె వచ్చి సూస్తదా ఏంది" అన్నాడు నిరంజన్. అన్నాక ఆ మాట వాడికే చేదుగా తగిలింది.

పాత చీరలు పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గర కుట్లతో భీమమ్మ కుట్టిన బొంత అది. చుట్టూరా తల్లి గద్వాల చీర నల్లంచు, దాని మీద సన్నటి తెల్ల గీతలు. చాప మీద పరిచి, చిన్నపిల్లవాడు అప్పుడే నిద్ర లేచినట్టు ఒక కొస మడత పెట్టాడు. గది ఒక్కసారిగా ఇల్లయిపోయింది. ఆ రోజు నుంచి దాని ముందు జనం గుసగుసలే తప్ప గట్టిగా మాట్లాడటం మానేశారు.

పంచమి వచ్చింది. పొద్దున్నే పార్కు గేటు దగ్గర చూసి నిరంజన్ తీసిన తాళంచెవులు మళ్లీ జేబులో వేసుకున్నాడు. పాల చెంబులు, కోడిగుడ్లు, పసుపు కుంకుమలతో ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. పుట్టలో నాగయ్య కండ్ల ముందు కనబడుతుంటే వేరే పుట్టకు ఎందుకు పోతారు? లోపలికి వదిలితే అద్దాల మీద పాలు, పసుపు, కర్పూరం పొగ. పాము పాలు తాగదు, ఆ పొగకు ఊపిరాడక చస్తుంది. వద్దంటే పండుగ పూట ఆడబిడ్డల ఉసురు. సారు ఒకవైపు జనాన్ని చూసి ఉబ్బిపోతూ, ఇంకోవైపు, "ఏం చేద్దమయ్యా?" అని చేతులు పిసుక్కున్నాడు.

"పాము చావొద్దు, కట్టె ఇరగొద్దు సార్" అని నిరంజన్ యేసయ్యను పిలిచాడు. సగం కోయగా మిగిలిన పుట్టమన్ను పెరట్లోనే కుప్పగా ఉంది. ఇద్దరూ కలిసి గేటు పక్కన వేపచెట్టు కింద ఆ మన్నుతో పుట్ట నిలబెట్టారు. "అమ్మలారా, ఇది నాగయ్య ఇంటి మన్నే. పాలు ఈడ పొయ్యుర్రి, మన్ను చెవులకు పెట్టుకోర్రి. అటెంక వట్టి చేతులతోని లోపలికి పోయి ఆయనను సూడుర్రి" అని నిరంజన్ అరిచాడు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకామె ముందుకొచ్చి పోసింది. ఇక మిగిలినవాళ్లు ఆగలేదు.

ఈ వార్త గోపాల్‌పేట పుట్ట దగ్గరికి ఎట్లా చేరిందో, చేరింది. "మీ తమ్ముడు పార్కుల కొత్త పుట్ట పెట్టిండట" అని ఎవరో అన్నారట. చెంబు ఖాళీ చేసి బస్‌స్టాప్‌కు బయలుదేరిన భీమమ్మ, వీడు ఇంకా ఏం పాపం మూటగట్టుకుంటున్నాడో చూద్దామని ఆటో ఎక్కింది.

నిరంజన్ వరుసను సర్దుతూ తలెత్తేసరికి ఎదురుగా అక్క.

"రాక్కా" అన్నాడు.

"నీ కోసం రాలే. నాగయ్యను సూసి పోత." చెప్పి ముందుకు నడిచింది.

నాగుపాము పుట్ట దగ్గర చాలాసేపు నిలబడింది. మూతి వైపే చూసింది. చెంపలేసుకుంది. చేనుగట్టు దగ్గర జెర్రిపోతు ఆమెకు ఇట్టే దొరికింది. బావి మెట్ల దగ్గర "మా బాయిలాగే ఉన్నది" అంది, ఎవరితోనో అన్నట్టు. నిరంజన్ ఆమె వెనకాలే, కాళ్లకు చప్పుడు రానివ్వకుండా నడుస్తున్నాడు. నాలుగో అద్దం దగ్గరికి రాగానే అడ్డం పోబోయాడు. ఆలస్యమయిపోయింది.

"గిది నా బొంత గదరా!"

అద్దాల ముందున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"అక్కా, జర ఇను..."

"ఏం వినాలె? అమ్మ చీర అంచు! పండ్ల కింద పెదవి బిగబట్టి, కండ్లు గుంజుతుంటే దీపం కాడ కుట్టిన. నీకు సలి పెట్టొద్దని కుట్టిన. తీసుకొచ్చి నేల మీద పారేసినవా? దీంట్ల పాము కూడ కనవడ్తలేదు. వట్టి బొంతను సూపెడ్తున్నవా మందికి?"

"ఉన్నదమ్మా, ఎతుకు" అన్నదొకావిడ పక్క నుంచి, దొరికినవాళ్ల దర్జాతో. "మాకు దొరికింది."

భీమమ్మకు పౌరుషం వచ్చింది. జొన్నల సంచి వెనక చూసింది. చాట కింద చూసింది. స్కూలు సంచి, చెప్పులు, గోడ పగులు, దూలం సందు, అన్నీ చూసింది. మధ్య మధ్యలో బొంత వైపు చూసి, "గా కుట్టు పోయింది సూడు, గా మూల సినిగింది" అని తమ్ముడిని తిట్టింది. వచ్చినవాళ్లకు దొరుకుతోంది, పోతున్నారు. ఆమెకు దొరకడం లేదు. ఇంతలో అద్దానికి దగ్గరగా వంగింది. బొంతకు ఈ కొసన నల్లంచు ఒక్కటే ఉంది. ఆ కొసన రెండున్నాయి.

రెండో అంచు మెల్లగా కదిలి, బొంత మడతలోకి జారిపోయింది.

భీమమ్మ చెయ్యి వెనక్కి చాచి గాలిలో వెతికింది. నిరంజన్ ఆ చెయ్యి పట్టుకొని బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. పండుగ పూట సాయానికి వచ్చిన యమున నీళ్లు తెచ్చింది. భీమమ్మ రెండు గుక్కలు తాగింది.

"నేను కుట్టిన అంచురా అది. కండ్లు మూసుకున్నా గుర్తువడ్త. దాని పక్కనే ఉంటే నాకు కనవడలే."

"ఎవరికైనా గంతే అక్కా."

"ఇంటి కాడ మనవరాలు నా పక్కలనే పంటది. నేల మీదనే. గిసొంటి బొంతల్నే." నిరంజన్ జనానికి నేర్పాలనుకున్నాడు గానీ అక్కను ఇట్లా బెదరగొట్టాలనుకోలేదు.

"కోపమొచ్చిందా? బొంత తీసేస్తనక్కా."

"తీయకు. ఉండనీ. అమ్మ చీర మీద పండిందంటే అది గూడ మనింటిదే." కొంగుతో ముఖం తుడుచుకొంది. తుడుచుకున్నాక పాత భీమమ్మ తిరిగొచ్చింది. "గానీ నిన్నొకటి అడుగుత. ఇంతమందిని భయపెట్టి తోలిస్తున్నవ్. ఇయ్యాల రాత్రి వీళ్లంత ఏడ పండాలె? ఎట్ల పండాలె? అది సూపెట్టవా? బుగులు పెట్టి పంపుడు ఒక సూపెట్టుడా?"

నిరంజన్ పాముల ఇంటి వైపు చూశాడు. గోడకు ఒక బోర్డు ఉంది. మంచం మీద పడుకోవాలి, దోమతెర కట్టుకోవాలి, కరిస్తే మంత్రగాని దగ్గరికి కాదు, దవాఖానకే పోవాలి అని రాసి ఉంది. కానీ దాని ముందు ఎవరూ నిలబడగా వాడు చూడలేదు.

"ఇంకో గది కడ్త అక్కా" అన్నాడు.

"కట్టు" అని లేచింది. నిరంజన్ ఆశగా ఆమె చేతిలోని చెంబు వైపు చూశాడు. అది ఆమె కనిపెట్టింది. చెంబు తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. ఆమె బస్సెక్కింది, కానీ ఈసారి కిటికీలోంచి తల బయటపెట్టి, "చలో, ఇంటికి పో, ఎండల నిలవడకు" అని కసిరింది. ఆ కసురు విని నిరంజన్ బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాడు.

కొత్త గదిని కట్లపాము గది పక్కనే కట్టారు. అదే గోడ, అదే సంచి, అవే చెప్పులు. అయితే సంచి చెక్కబల్ల మీదికి ఎక్కింది, పడుకునే చోటికి దూరం జరిగింది. నేల మీద చాప పోయి నులకమంచం వచ్చింది, గోడకు ఆనకుండా. దిండు పక్కన టార్చిలైటు. మంచమూ దోమతెరా కోడేరు నుంచి భీమమ్మే తెచ్చింది. దోమతెర కట్టే పని ఎవరికీ ఇవ్వలేదు. "మీకు సరిగ రాదు" అని లోపలికి దూరి, నాలుగు వైపులా అంచును పక్కబట్టల కిందికి తోసి, వేలు పట్టే సందైనా ఉందేమోనని చుట్టూ తడిమి చూసుకొని బయటికి వచ్చింది. తన ఇంట్లో ఇప్పుడు అందరివీ మంచాలే అని, మొగుడు గొణిగినా వినలేదని చెప్పింది.

"పాము లేని గదిని ఎవడు చూస్తడు నిరంజన్?" అన్నాడు సారు, పాత పాటే.

జనం ఆ గదిని వదల్లేదు. మూడు అద్దాల్లో పాము దొరికినవాళ్లకు నాలుగోదాంట్లో గుండె ఝల్లుమన్నాక, ఐదోదాంట్లో లేదంటే నమ్ముతారా? మంచం కింద వంగి చూశారు. బల్ల కింద చూశారు. దోమతెర అంచు ఎక్కడైనా లేచి ఉందా అని నాలుగు వైపులా కంటితో తడిమారు. ఇంటికి పోయి ఏం చేయాలని నిరంజన్ కోరుకున్నాడో, సరిగ్గా అదే అద్దం ముందు నిలబడి చేస్తున్నారు. చెప్పకుండానే చేస్తున్నారు. భీమమ్మ ఒక పక్కన నిలబడి చాలాసేపు ఆ జనాన్ని, వాళ్ల వెనక నిలబడ్డ తమ్ముడిని చూసింది.

ఏమనుకుందో, గేటు బయట చాయ్ బండి దగ్గరికి పోయింది. "గిలాసెడు పాలియ్యి. చక్కెర వెయ్యకు" అంది. కాగే పాలను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తూ, ఊదుతూ, వేలు పెట్టి చూస్తూ చల్లార్చింది. వచ్చి నిరంజన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి గడ్డం పట్టుకొంది.

"అక్కా, పంచమి ఎప్పుడో పోయింది గదనే."

"పోతే పోనీ. నాకు ఇయ్యాల కడగాలనిపించింది. ముయ్యి, నోరు గూడ."

నిరంజన్ రెండూ మూశాడు. గోరువెచ్చటి పాలు రెప్పల మీదుగా చెంపల మీదికి జారాయి. ఆ పాలలో వాడి కన్నీళ్లు కూడా కలిశాయి. ఏడాది పొడుగునా గుండెలో ఉన్న బరువు దిగిపోయి ఒళ్లంతా తేలికయింది. అందరూ చూస్తున్నారని తెలుసు, సిగ్గనిపించలేదు.

"ఓ అక్కా" అని ఎవరో ఆడమనిషి అడగడం వినబడింది. చంకలో పిల్ల కాబోలు, మధ్యలో దాని మారాం కూడా వినవచ్చింది. "గా ఆఖరు గదిల పామేడుంది? ఎంత ఎతికినా కనవడ్తలేదు."

"లేదు చెల్లె" అంది భీమమ్మ, తమ్ముడి కంటి కొసను కొంగుతో అద్దుతూ. "దాంట్ల పిల్లలు పండుకుంటరు."